బైండర్లకి బల్ల దగ్గర చదువు చెప్పించండి: గ్రంథాలయ శాఖలకి ఒక బైండరు కూతురి బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల పౌర గ్రంథాలయ శాఖల డైరెక్టర్ గార్లకి, జిల్లా గ్రంథాలయ సంస్థల చైర్మన్లకి, సెక్రటరీలకి, యూనివర్సిటీల్లో లైబ్రరీ సైన్స్ చెప్పే మాస్టార్లందరికీ,

నమస్కారం అండి.

నేనెవరో చెప్పి మొదలుపెడతా. మా నాన్న తెనాలిలో బైండరు. ప్రెస్సుల వెనక సందులో ఒకే ఒక్క గది, అందులో ఒక కటింగ్ మిషను, రెండు బిగింపు చెక్కలు, మూలన కిరసనాయిలు స్టవ్వు, దాని మీద మైదా జిగురు. స్కూల్ నుంచి రాగానే ఆ జిగురు ఉండ కట్టకుండా కలియబెట్టడం, దించే ముందు చిటికెడు మైలుతుత్తం వెయ్యడం నా డ్యూటీ, అది వేస్తే పురుగు పట్టదని నమ్మకం. ఇప్పుడు నాదీ పుస్తకాల పనే, కాకపోతే నాన్న కుట్టేవాడు, నేను ఎక్కువగా కుట్లు విప్పుతుంటా. పాత పుస్తకాలు, దస్తావేజులు, మ్యాపులు ఇంకా పాడవకుండా బాగుచేసే పని, కన్సర్వేషన్ అంటారు. తెలుగులో పరిరక్షణ అని చెప్తే అడవుల డిపార్ట్‌మెంటా అని అడుగుతున్నారు జనం.

మూడేళ్ల కింద ఒక లైబ్రరీ వాళ్లు (పేరు వద్దు లెండి) 1930ల నాటి వారపత్రిక వాల్యూములు నాలుగు ఆటోలో వేసుకొచ్చారు, తెరిస్తే విరిగిపోతున్నాయమ్మా ఏదో ఒకటి చెయ్యండి అని. మొదటిది తెరిచా. కుట్టు పక్కనే ప్రతి పేజీ అప్పడం విరిగినట్టు విరిగి ఉంది. ఎందుకంటే ఫారాల (అచ్చు కాగితం మడిచిన చిన్న చిన్న కట్టల) మడత మధ్యలోంచి కుట్టకుండా, మొత్తం కట్టని పక్కనుంచి పొడిచి దారం లాగేశారు, పక్కకుట్టు. కొత్త కాగితమైతే ఓర్చుకుంటుంది, తొంభై ఏళ్ల పత్రిక కాగితం తెరిచిన ప్రతిసారీ ఆ కుట్టు గీత మీదే వంగాలి, వంగలేదు కాబట్టి విరుగుతుంది. పైగా నీట్‌గా ఉండాలని మూడు వైపులా మిషన్‌లో పెట్టి కోసేశారు, కొన్ని పేజీల మీద తేదీ సగం పోయింది, పక్కన ఎవరో పాఠకుడు పెన్సిల్‌తో రాసుకున్న మాటలు సగం పోయాయి. నాలుగో వాల్యూం అట్ట విప్పితే లోపల అస్తరుగా వేసిన పాత క్యాలెండర్ కాగితం, దాని మీద పెన్సిల్‌తో కూలి లెక్కలు, 7 అంకెకి మధ్యలో అడ్డగీత. ఆ గీత నాకు తెలుసు. మా నాన్న రాత.

ముందు నవ్వొచ్చింది, తర్వాత ఫోన్ చేశా. "నాన్నా, ఆ లైబ్రరీ పత్రికలు నువ్వే బైండింగ్ చేశావా" అంటే, "ఆ, ఎప్పుడో చేశానమ్మా, టెండరు కదా, పుస్తకానికి ఇంత అని. ఫారం ఫారం విప్పి కుడితే కూలి గిట్టదు. అంచులు నున్నగా కొయ్యమన్నారు, కోశాను. అయినా అలా చెయ్యకూడదని నాకెవరు చెప్పారే" అన్నాడు.

ఆ ఆఖరి మాట మీ అందరికీ చేరాలనే ఈ లెటర్ రాస్తున్నా.

మా నాన్నకి చెయ్యి రాక కాదండి. నూటికి తొంభై మంది కన్సర్వేటర్ల కంటే ఆయన కుట్టు సూటిగా వస్తుంది. ఏ కాగితం ఎటు వంగుతుందో వేలితో తడిమి చెప్తాడు. ఆయనకి అందనిది కాగితం లోపల ఏం జరుగుతోంది అనే కబురు ఒక్కటే. ఇక నా సంగతి చూడండి, లైబ్రరీ సైన్స్ డిగ్రీలో ప్రిజర్వేషన్ అని ఒక యూనిట్ ఉంది, గ్రంథాలయ సామగ్రికి శత్రువులు ఎవరు అంటే చెదలు, వెండి పురుగు, తేమ, వెలుతురు, దుమ్ము, మనుషులు అని వ్యాసం రాశాను, మంచి మార్కులు కూడా వచ్చాయి, కానీ ఆ కోర్సు మొత్తంలో ఒక్క చిరిగిన పేజీ నా చేతికి ఇవ్వలేదు. చెయ్యి ఉన్నోడికి చదువు లేదు, చదువు ఉన్నదానికి చెయ్యి లేదు, ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నా కూడా!

తర్వాత ఉత్తరాదిలో కొన్ని వారాల కోర్సు చేసి, ఒక సీనియర్ కన్సర్వేటర్ దగ్గర రెండేళ్లు కూర్చుని నేర్చుకున్నా. అప్పుడు అర్థమైంది అసలు గొడవ ఎక్కడుందో. రెండు మూడొందల ఏళ్ల కింద చేతితో చేసిన గుడ్డపీలికల కాగితం ఇప్పటికీ టపటపలాడుతూ గట్టిగా ఉంటుంది, 1940ల పత్రిక మాత్రం ముట్టుకుంటే పొడి. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి కాగితాన్ని చెక్క గుజ్జుతో చెయ్యడం మొదలుపెట్టారు, సిరా పాకకుండా పటిక, రోజిన్ అనే చెట్టు బంక కలిపారు, ఆ పటిక వల్ల కాగితంలోనే ఆమ్లం పుట్టి దాని నారని లోపల్నుంచి ముక్కలు ముక్కలుగా కోస్తూ ఉంటుంది. పురుగు లేకపోయినా, బీరువాకి తాళం వేసి ఎవర్నీ ముట్టుకోనివ్వకపోయినా ఆ పని ఆగదు. ఇప్పుడు మన సంగతి ఆలోచించండి, ఏది ఎప్పుడు మొదలైందో, కృష్ణా పత్రిక 1902, ఆంధ్రపత్రిక 1908, గోలకొండ పత్రిక 1926, ఇక గ్రంథాలయాలు చూస్తే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901, వేటపాలెం సారస్వత నికేతనం 1918, అంటే తెలుగువాడు అచ్చులో చదవడం మొదలుపెట్టి పండగ చేసుకున్న రోజులూ, కాగితం చరిత్రలో అత్యంత పాడు రోజులూ ఒక్కటే. మన తాళపత్రాలు మన పత్రికల కంటే ఎక్కువ కాలం బతుకుతాయి, రాసిపెట్టుకోండి (మంచి కాగితం మీద).

తాళపత్రాల మాటొచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. కేంద్రం 2003లో మాన్యుస్క్రిప్టుల మిషన్ పెట్టింది, 2025 బడ్జెట్లో జ్ఞాన భారతం అని కోటికి పైగా మాన్యుస్క్రిప్టుల సర్వే, పరిరక్షణ అన్నారు, చాలా మంచిది, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఆ 2003 మిషన్ లెక్కలో మాన్యుస్క్రిప్టు అంటే చేతిరాతది, కనీసం 75 ఏళ్లది, అచ్చు పుస్తకాలు, లితోగ్రాఫులు (రాతిపలక మీంచి అచ్చేసినవి) దాని కిందికి రావు అని నిర్వచనంలోనే ఉంది. అంటే మన పత్రికలు, తొలినాళ్ల అచ్చు పుస్తకాలు, సభల కరపత్రాలు, నాటకాల నోటీసులు, వీటికి ఢిల్లీలో దిక్కు లేదు. ఇక్కడ మీరే దిక్కు.

"స్కాన్ చేయించాం కదమ్మా" అంటారు మీరు. ఒక ఆఫీసులో నాకు నిజంగానే ఈ సమాధానం వచ్చింది, టీ కూడా ఇచ్చారు. స్కాన్ కావాలి, వద్దనట్లేదు, నేనే రాత్రిళ్లు పాత పత్రికలు ఆన్‌లైన్‌లో చదువుతుంటా. కానీ పక్కకుట్టు వేసిన వాల్యూముని స్కానర్ మీద పడుకోబెట్టాలంటే ఏం చేస్తారు? లోపలి అంచు అక్షరాలు కనపడవు కాబట్టి బలంగా నొక్కుతారు, విరుగుతుంది. లేదా వెన్ను కోసేసి విడి కాగితాలు చేస్తారు, స్కాన్ అయ్యాక వాటిని గోనెసంచిలో కట్టి మూల పడేస్తారు. నేను అలాంటి సంచులు చూశా. స్కానింగ్ మొదలవ్వక ముందు కుట్టు విప్పి, విరిగిన చోట అతికి, పేజీలు వరసలో పెట్టి ఇచ్చే మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషికి ఏ స్కానింగ్ టెండర్లోనూ లైన్ ఉండదు.

ఆ పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే ఇది ఒకరోజు వర్క్‌షాపుతో వచ్చేది ఎందుకు కాదో అప్పుడు మీకే తెలుస్తుంది. పేజీ చేతికి రాగానే జిగురు గిన్నె పట్టుకోరు. ముందు మెత్తని బ్రష్‌తో దుమ్ము. తర్వాత సిరా మీద ఒక మూల సూదిమొనంత నీటిచుక్క పెట్టి అద్దుడు కాగితం ఆనించి రంగు దిగుతుందా చూడాలి, అచ్చు సిరా అయితే మామూలుగా దిగదు, దాని మీద వేసిన లైబ్రరీ ముద్ర ఉంటుంది చూశారూ, ఆ ఊదారంగు ముద్ర, అది దిగుతుంది. దిగదని తేలాక సన్నని వలగుడ్డ మీద పెట్టి నీళ్లలో దించితే కాసేపటికి ఆ నీళ్లు టీ డికాక్షన్‌లా మారిపోతాయి, అదంతా కాగితం ఇన్నేళ్లుగా లోపల దాచుకున్న విషం. నీళ్లు మారుస్తూ ఉండాలి. ఆ తర్వాత ఒక పద్ధతిలో సున్నపు తేటలో ముంచుతారు, అవును, మన ఇళ్లల్లో ఉండే సున్నపు తేటే, కాకపోతే శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడ్‌తో కొలత ప్రకారం చేసుకుంటారు, అది ఆమ్లాన్ని విరిచి, ఆరాక కొంచెం సుద్దని కాగితంలో కాపలాకి వదిలి వెళ్తుంది. (దయచేసి ఇంట్లో తాతగారి దస్తావేజు మీద ట్రై చెయ్యకండి, ఇంకు పోతే నా దగ్గరికి రావద్దు.) చిరుగులకి జపాన్ వాళ్లు కోజో చెట్టు బెరడుతో చేసే పల్చటి కాగితం, దాన్ని కత్తెరతో కొయ్యకూడదు, తడిగీత గీసి చింపాలి, అప్పుడు అంచున నూగులాగా నారలు వస్తాయి, ఆ నారలే పేజీని పట్టుకుంటాయి. జిగురు గోధుమ గంజి, బంక తీసేసిన పిండితో. మైలుతుత్తం మాత్రం వెయ్యరు. పురుగు రాదని వేసే ఆ రాగి ఉప్పే కాగితం కుళ్లడాన్ని తొందరపెడుతుందని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు, చిన్నప్పుడు ఎన్ని గిన్నెల్లో వేశానో లెక్కే లేదు.

ఇంకో సూత్రం, మనం చేసిన ఏ పనినైనా రేపు ఇంకొకరు విప్పగలగాలి. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఒకప్పుడు కాగితానికి రెండు వైపులా పల్చని సెల్యులోజ్ అసిటేట్ పొర, పైన టిష్యూ పెట్టి అసిటోన్‌తో అద్ది అతికించే పద్ధతి కనిపెట్టారు, యంత్రం అక్కర్లేదు, ప్రపంచమంతా మెచ్చుకుంది, తర్వాత్తర్వాత ఆ ప్లాస్టిక్ పొరలే సమస్య అవుతాయని ఈ రంగం దాన్ని పక్కన పెట్టింది. అంత పెద్ద శాస్త్రవేత్తలే మనసు మార్చుకున్నారు. మన జిరాక్స్ షాపుల్లో మాత్రం టెన్త్ సర్టిఫికెట్ కనపడితే చాలు వేడి వేడిగా లామినేషన్ కొట్టేస్తున్నారు, లైబ్రరీల్లో చిరిగిన ప్రతి పేజీకి సెల్లోటేపు, అది నాలుగేళ్లకి ఎండి ఊడిపోతుంది, పసుపు మరక మాత్రం కాగితంలోకి దిగి అక్కడే కాపురం పెడుతుంది.

ఇవన్నీ పుస్తకం చదివి రావండి. చెయ్యి తప్పు చెయ్యాలి, పక్కనున్నవాళ్లు ఆ చెయ్యి పట్టుకోవాలి, అలా నెలలు. అమెరికాలో డెలావేర్, బఫెలో, న్యూయార్క్ యూనివర్సిటీల్లో ఈ చదువు ఏళ్ల తరబడి ఉంటుంది, డెలావేర్‌లో మూడేళ్లు, అందులో ఆఖరి ఏడాది మొత్తం బయట ఇంటర్న్‌షిప్పే, చేరాలంటేనే కెమిస్ట్రీ చదివి ఉండాలి, చేతిపని చూపించాలి. ఇంగ్లండులో వెస్ట్ డీన్ కాలేజీలో పుస్తకాల కన్సర్వేషన్ ప్రత్యేకంగా నేర్పుతారు. అక్కడా అంతా బ్రహ్మాండం ఏం కాదు, కొలంబియా యూనివర్సిటీలో 1981లో మొదలైన కోర్సు 1992లో టెక్సస్‌కి మారింది, తర్వాత అక్కడా ఆగిపోయింది. మన దేశంలో నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఉంది, ఏడాది డిప్లొమా, రికార్డుల రిపేరు మీద చిన్న కోర్సులు, లక్నోలో 1976లో పెట్టిన జాతీయ కన్సర్వేషన్ ల్యాబ్ ఉంది. హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియంలోనే కన్సర్వేషన్ ల్యాబ్ ఉంది. కానీ షాపుకి షట్టర్ వేసుకుని, రోజు కూలి పోగొట్టుకుని, ఇంగ్లీషులో హిందీలో చెప్పే పాఠానికి ఢిల్లీలో కూర్చునే తెనాలి బైండరు ఎవరండీ?

బైండర్లు ఎందుకు, డిగ్రీ పిల్లలు చాలరా అనొచ్చు. ఇటలీలో ఫ్లోరెన్స్ అని ఊరు, 1966 నవంబర్ 4న ఆర్నో నది పొంగి అక్కడి జాతీయ లైబ్రరీలో లక్షల పుస్తకాలు బురదలో మునిగాయి. అంత పెద్ద ప్రమాదానికి ప్రపంచంలో ఎవరి దగ్గరా సిద్ధంగా జవాబు లేదు. బ్రిటన్ నుంచి వెళ్లి ఆ పని నడిపించిన పీటర్ వాటర్స్ బైండరు. బురదలోంచి తీసిన పుస్తకాల్లో జిగురు లేకుండా మెత్తని తోలు అట్టలోకి కుట్టినవి మిగతావాటికంటే బాగా నిలబడ్డాయని అక్కడ పనిచేసిన ఇంకో బైండరు క్రిస్టఫర్ క్లార్క్‌సన్ గమనించి చెప్పాడు, ఆ గమనిక మీదే తర్వాత బోలెడు పని జరిగింది. వాటర్స్‌నే ఆ తర్వాత అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పిలిచి కన్సర్వేషన్ బాధ్యత అప్పగించింది. అంటే ఇవాళ యూనివర్సిటీల్లో చెప్పే ఈ శాస్త్రంలో సగం బైండర్ల బల్ల మీద పుట్టిందే, కెమిస్టులు వాళ్ల పక్కన కూర్చుని మిగతా సగం చేశారు. మన ఊళ్లల్లో ఆ బైండర్లు ఇంకా ఉన్నారు. గైడ్లు, అకౌంట్ పుస్తకాలు, ప్రాజెక్ట్ రిపోర్టులకి స్పైరల్ కొట్టుకుంటూ బతుకుతున్నారు.

వరద అంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ అంతా నీళ్లలో ఉన్నప్పుడు మా చుట్టాలింట్లో సర్టిఫికెట్లు, పుస్తకాలు అన్నీ తడిసిపోతే డాబా మీద ఎండలో పరిచారు, అందరూ అదే చేశారు, పాపం ఇంకేం తెలుసు. నున్నటి కాగితం పుస్తకాలు అట్టముక్కల్లా అతుక్కుపోయాయి, మిగతావాటికి రెండు మూడు రోజుల్లో బూజు. తడిసిన పుస్తకానికి రెండ్రోజులకి మించి టైం ఉండదు, ఆ లోపు ఆరబెట్టలేనన్ని ఉంటే గడ్డకట్టించాలి, మైనస్ ఇరవైలో పెడితే బూజు అక్కడే ఆగుతుంది, తర్వాత నెలల తరబడి నిదానంగా కొన్ని కొన్ని తీసి బాగుచేసుకోవచ్చు. అంత పెద్ద ఫ్రీజర్లు ఎక్కడున్నాయి అంటారా, భీమవరం, కాకినాడ వైపు వెళ్లండి, రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంట్లలో ఉన్నాయి! శిక్షణ ఉన్న కన్సర్వేటరు ఒక్కరు జిల్లాలో ఉంటే తుపాను సీజనుకి ముందే ఆ ప్లాంట్ మేనేజరు ఫోన్ నంబరు గోడ మీద రాసి పెట్టుకుంటారు. కోస్తాలో ఉన్నవాళ్లం, మనకి ఇది లగ్జరీ కాదు.

ఇక అడగాల్సింది అడుగుతా. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, మా నాన్న షాపుకి కూడా కడుతున్నాడు. ఆ డబ్బులోంచి రాష్ట్రానికి ఒక్క వర్క్‌షాపు పెట్టండి. బిల్డింగ్ వద్దు, శంకుస్థాపన వద్దు. ఉత్తరం వెలుతురు వచ్చే రెండు గదులు, పెద్ద సింకు, ఫిల్టర్ నీళ్లు, నాలుగు బల్లలు, ఒక డీప్ ఫ్రీజరు చాలు. ఏడాదికి ఆరుగురిని తీసుకోండి, అందులో ముగ్గురు పని తెలిసిన బైండర్లు, వాళ్లకి డిగ్రీ అడక్కండి, ముగ్గురు లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లు. పాఠం తెలుగులో. పన్నెండు నెలలు పూర్తిగా, స్టైపెండుతో, ఎందుకంటే కూలి మానేసి ఎవడూ రాడు. నేర్చుకోవడానికి నకిలీ మెటీరియల్ అక్కర్లేదు, మీ జిల్లా లైబ్రరీల స్టోర్ రూముల్లో ఉన్నది చాలు, డూప్లికేట్లతో మొదలుపెట్టి అరుదైనవాటికి చివర్లో వెళ్లొచ్చు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ 1935 నుంచి లైబ్రరీ సైన్స్ చెప్తోంది, అలాంటి చోట కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ పక్క బిల్డింగులోనే ఉంటుంది, వాళ్లని వారానికి ఒక పూట పిలవడానికి ఎంత ఖర్చు?

అన్నిటికంటే ముఖ్యం, నేర్చుకున్నాక పోస్టు ఉండాలి. జిల్లా గ్రంథాలయ సంస్థలో కన్సర్వేటరు అని ఒక పోస్టు మంజూరు చెయ్యండి, మొదట ఉమ్మడి జిల్లాకి ఒకటైనా సరే. అది లేకుండా కోర్సు పెడితే నాలాగా ప్రైవేటుగా పెళ్లి ఆల్బమ్‌లు బాగుచేసుకుంటూ మధ్యమధ్యలో పత్రికలు చూడాల్సిందే. (పెళ్లి ఆల్బమ్‌ల మీద కోపం లేదు, ఇంటి అద్దె వాటితోనే కడుతున్నా.)

ఈలోగా పైసా ఖర్చు లేని పని ఒకటుంది. రేపు బైండింగ్ టెండర్ పిలిచేటప్పుడు నోటీసులో మూడు లైన్లు చేర్చండి: 1970కి ముందువి అయితే అంచులు కొయ్యరాదు, పక్కకుట్టు వెయ్యరాదు, జిగురులో మైలుతుత్తం కలపరాదు. రేటు ఆ పనికి సరిపోయేంత ఇవ్వండి, తక్కువ కోట్ చేసినోడికే అనే రూలు ఈ ఒక్కదానికి పక్కన పెట్టండి.

వర్క్‌షాపు మొదలుపెడితే మా నాన్న బిగింపు చెక్కలు రెండూ ఇచ్చేస్తాం, టేకువి, ఇప్పుడు అలాంటివి చేసేవాళ్లు లేరు. ఆ నాలుగు వాల్యూముల్లో మూడు పూర్తయ్యాయి. విడి పేజీలన్నీ అతికి మళ్లీ ఫారాలు చేసేవరకు నా పని, కుట్టేది నాన్నే. ఆయనకి 68, సూదిలో దారం నేను ఎక్కించి ఇస్తున్నా. మొదటిసారి మడత మధ్యలోంచి కుట్టి వాల్యూముని బల్ల మీద తెరిచిపెడితే రెండు వైపులా పరుచుకుని పడుకుంది, కాసేపు అలా చూసి, "ఇలా అయితే ఒకదానికి ఒక పూట పడుతుందే, వాళ్లు ఇచ్చింది తొమ్మిది రూపాయలమ్మా" అన్నాడు. నాలుగోది వచ్చే నెల.

ఇట్లు,
ఒక బైండరు కూతురు,
తెనాలి